గోడకెక్కిన వల

"ఆ వల ఇవాళ దిగాల్సిందే ఇందూ. పది గంటల్లోపు. జనం రాకముందే."

తెల్లారి లేచాక ఫణికిరణ్ ఈ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి పళ్ళు తోముకుంటూ అన్నాడు. రెండోసారి బండి తుడుస్తూ అన్నాడు. ఇప్పుడు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా అంటున్నాడు.

ఇందుజ ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తోంది. తల ఎత్తలేదు.

"మాట్లాడవేం?"

"ఏం మాట్లాడమంటారండీ? అది దింపేస్తే ఆ గోడకి ఏం పెట్టను?"

"క్యాలెండరు పెట్టుకో."

నిన్న సాయంత్రం రాజుకున్న గొడవ ఇది. పక్షుల కేంద్రంలో ఫణితో పాటు పడవ మీద పనిచేసే అతనొకడు, శనివారం కదా అని పిల్లల్ని తీసుకుని ఏలూరు కాలవగట్టు మీద ఉన్న మ్యూజియానికి వచ్చాడు. ఇందుజ పనిచేసేది అక్కడే. గోడ మీద పిట్టల వల చూశాడు. కింద అట్ట మీద రాసింది చదివాడు. ఫొటో తీసి, కేంద్రంలో అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. దాని కింద ఒక్కటే మాట: తండ్రి వల, కొడుకు కాపలా. ఫణి ఇంటికొచ్చేసరికి దాని కింద నవ్వు బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

ఆరేళ్ళుగా పడవ ముందు కూర్చుని, మైకు పట్టుకుని, వలస పిట్ట ఎన్ని వేల మైళ్ళు ఎగిరి వచ్చిందో జనానికి చెబుతున్న మనిషి అతను. పిట్ట మీదికి రాయి విసిరిన పిల్లాణ్ణి వాళ్ళ నాన్న ముందే మందలించిన మనిషి. ఇవాళ ఆదివారం, కేంద్రంలో ఊపిరి సలపని రోజు. అయినా సెలవు పెట్టేశాడు. ఆ మొహాలు చూడలేక.

"నేను లేనిది రాయలేదు కదండీ," అంది ఇందుజ, రేకులు పాత్రలో పెట్టి మూత వేస్తూ. "ఉన్నదే రాశాను."

"ఉన్నదే. కాదనట్లేదు. మనింట్లో ఉన్నదంతా గోడకి కొట్టి చూపిస్తామా?"

అటక సర్దుతుంటే గోనెసంచిలో దొరికిన వల అది. "తీసుకెళ్ళనా మావయ్యగారూ" అంటే, "ఎందుకమ్మా అది" అన్నారాయన. వద్దని మాత్రం అనలేదు. అంతే చాలనుకుంది. ఆయన పేరుతో అట్ట రాసి పెడితే సంతోషిస్తారనుకుంది. ఎప్పుడో ఒక ఆదివారం తీసుకెళ్ళి చూపించాలనుకుంది. అనుకున్నవన్నీ తనలో తనే అనుకుంది.

అంతలో పెరటి గుమ్మంలోంచి అత్తగారు వెంకటనరసమ్మ లోపలికి వచ్చింది.

"ఒరే ఫణీ. మీ నాన్న లేరురా."

"లేరంటే?"

"అరుగు మీద లేరు. పెరట్లో లేరు. చెప్పులూ లేవు."

ఫణి గ్లాసు గట్టు మీద పెట్టాడు. కాఫీ ఒలికింది. ఎవరూ తుడవలేదు.

నిన్న సాయంత్రం వీళ్ళిద్దరి మాటలూ అరుగు మీద కూర్చుని ఏడుకొండలు విన్నారు. ఆ తర్వాత లోపలికి వచ్చి, కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్దయినా కలపకుండా చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో కోపాలు అందరికీ ఉన్నాయి. ఆయన ఒక్కరికే లేవు. అందుకే ఆ అన్నం అలా ఉండిపోతే ముగ్గురికీ గొంతు దిగలేదు.

"లంకకే వెళ్ళుంటాడు," అన్నాడు ఫణి, బండి తాళాలు వెతుక్కుంటూ. "మనసు బాలేకపోతే ఇంకెక్కడికెళతాడు?"

కొల్లేటి మధ్య తుమ్మలంక వాళ్ళ పాత ఊరు. ఇప్పుడక్కడ వాళ్ళకి ఇల్లు లేదు. అయినా ఏడాదికోసారి ఆయన ఆ గట్టు మీద కాసేపు కూర్చుని వస్తారు.

ఫణి గుమ్మం దాటబోతూ ఒకసారి వెనక్కి తిరిగి ఇందుజ వంక చూశాడు. ఏదైనా అంటాడనుకుంది. అనలేదు. అనుంటేనే బాగుండేది.

బండి చప్పుడు వీధి చివర వినిపించకుండా పోయేదాకా అత్తాకోడళ్ళిద్దరూ అలాగే నిలబడ్డారు.

"నువ్వెళ్ళమ్మా," అంది వెంకటనరసమ్మ. "పదింటికి జనం వస్తారు కదా."

"ఇప్పుడెలా వెళ్ళనండీ?"

"ఎక్కడెక్కణ్ణించో పిల్లల్ని ఎత్తుకుని బస్సులెక్కి వస్తున్నారని నువ్వే చెప్పావు. తలుపులు మూసుంటే ఏమనుకుంటారు? ఆయనకేం కాదు. నేను ఇంట్లోనే ఉంటాను. వస్తే ఫోన్ చేస్తాను."

ఆవిడ గొంతులో కోపం లేదు. నిన్నటి నుంచి ఆవిడ ఆ వల గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. మంచీ అనలేదు, చెడ్డా అనలేదు. ఇందుజకి ఇప్పుడే అది తట్టింది. కానీ అడగడానికి ఇది వేళ కాదు. కూతురు సాయిదుర్గకి జడ వేసి, రెండు ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని, బయటికొచ్చి ఆటో ఎక్కింది.

*

ఆ మ్యూజియం పేరు కొల్లేటి కొలువు. పేరు పెద్దది, ఉన్నవి నాలుగు గదులు. కాలవగట్టున ఒక పాత బంగళాని ఒక ట్రస్టు వాళ్ళు బాగుచేయించి, లంకల్లో వాడిన సామాన్లు పోగుచేసి పెట్టారు. తాటిదోనె, చేపలు పట్టే వెదురు మావులు, ధాన్యం గాదె, పాత ఫొటోలు. ఇందుజ తాడేపల్లిగూడెంలో డ్రాయింగు టీచరుగా పనిచేస్తూ, పెళ్ళై ఏలూరు వచ్చాక మానేసి, ఎనిమిది నెలల క్రితం ఇందులో చేరింది. అప్పట్లో రోజుకి నలుగురొస్తే గొప్ప. వచ్చినవాళ్ళు కూడా పది నిమిషాల్లో చుట్టేసి, "ఇంతేనా అండీ" అని వెళ్ళిపోయేవాళ్ళు.

"పిల్లలొక్కళ్ళే వస్తే తోచదండీ. పెద్దవాళ్ళొక్కళ్ళే వస్తే చూడరు. ఇద్దరినీ కలిపి రమ్మందాం," అని ఆమే ట్రస్టు సెక్రటరీకి చెప్పింది. అలా పుట్టింది ఆదివారం ఇంటిల్లిపాదీ. పిల్లలు తాటాకుతో పిట్టలు చేస్తారు, బంకమట్టితో దోనెలు చేస్తారు. వాటి గురించి తెలిసిన పెద్దవాళ్ళు పక్కన కూర్చుని చెబుతారు. మొదటి ఆదివారం మూడు కుటుంబాలు. ఇది ఏడో ఆదివారం. ఇవాళ ఇరవైమందికి పైగా పేర్లిచ్చారు.

గేటు దగ్గర సెక్రటరీ పాండురంగారావుగారు ఎదురొచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆదివారం కూడా చొక్కా టక్ చేసుకునే వస్తారు.

"మీ మావగారు ఎనిమిదింటికే వచ్చారమ్మా."

"ఇక్కడికా అండీ?" అంది ఇందుజ.

"తలుపులు తియ్యకముందే మెట్ల మీద కూర్చున్నారు. టిక్కెట్టు ఎంతండీ అని అడిగారు. మీకు టిక్కెట్టేమిటండీ, మా ఇందుజమ్మ మావగారు కదా అన్నాను. వినలేదు. తీసుకునే లోపలికెళ్ళారు."

మెట్ల పక్కన ఆయన చెప్పులు ఉన్నాయి. గుళ్ళోకి వెళ్ళేటప్పుడు విడిచినట్టు, జత చేసి, ఓరగా.

ఏడుకొండలు మూడో గదిలో వల ముందు నిలబడి ఉన్నారు. చేతులు వెనక్కి కట్టుకున్నారు. చొక్కా జేబులో టిక్కెట్టు కనిపిస్తోంది. అలికిడికి తిరిగి చూశారు. మొహంలో కోపం లేదు. రాత్రంతా నిద్రలేని ఎరుపు మాత్రం కళ్ళలో ఉంది.

"వచ్చావా అమ్మా. సాయీ, ఇలా రా. ఆ అట్ట మీద ఏం రాసుందో నాకు చదివి పెట్టు."

ఆయనకి చదువు రాదు. ఆ సంగతి ఇందుజకి తెలుసు. తెలిసీ, అట్ట పెట్టిన రోజున ఇంటికెళ్ళి చదివి వినిపించాలని తోచలేదు.

సాయిదుర్గ బళ్ళో చదివినట్టు గొంతెత్తి చదివింది. "పిట్టల వల. కొల్లేటి తుమ్మలంకకు చెందిన వేటగాడు శ్రీ మోరు ఏడుకొండలు స్వయంగా అల్లి, వాడినది."

"ఇంకోసారి."

మళ్ళీ చదివింది.

"వేటగాడంటే నేనేనా?"

పిల్ల తల్లి వంక చూసింది.

"మా లంకలో నన్నెవరూ అలా పిలవలేదమ్మా," అన్నారాయన మెల్లగా. "చేపలు పట్టేవాణ్ణి. మా నాన్నా అంతే. పిట్టలు పట్టింది ఒక్క ఏడాది. బతుకంతా చేసింది రాయకుండా ఆ ఒక్క ఏడాదీ రాశావు."

"తప్పయిపోయింది మావయ్యగారూ. అడగాల్సింది."

"అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి చెప్పాను. రెండోది నేను చెప్పకూడదు."

అదేమిటని అడిగే ధైర్యం లేక ఆమె బయటికొచ్చి ఫణికి ఫోన్ చేసింది. అవతల గాలి హోరు. గట్టు మీద బండి ఆపినట్టున్నాడు.

"దొరికారండీ. ఇక్కడే ఉన్నారు. మ్యూజియంలో."

"అక్కడా? ఎలా ఉన్నాడు?"

"బానే ఉన్నారు. టిక్కెట్టు కొనుక్కుని లోపలికెళ్ళారట."

"అమ్మని ఎక్కించుకుని వస్తున్నా. ఈలోగా వల దింపి ఉంచు," అని పెట్టేశాడు.

ఆమె లోపలికి వచ్చి గోడ వారనున్న స్టూలు జరిపింది. "మావయ్యగారూ, దింపెయ్యమంటారా?"

ఏడుకొండలు స్టూలు వంకా, కోడలి వంకా చూశారు. "ఇప్పుడే కదమ్మా టిక్కెట్టు కొన్నాను," అన్నారు. "కాసేపు చూడనీ."

నిన్నటి నుంచి మొదటిసారి ఇందుజకి నవ్వొచ్చింది. ఇడ్లీ డబ్బా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోడ కానుకుని కూర్చుని, వలనే చూస్తూ, రెండూ తిన్నారు.

*

పది దాటేసరికి బంగళా నిండిపోయింది.

కామవరపుకోట నుంచి ఒక కుటుంబం తెల్లవారుజాము బస్సుకే బయల్దేరి వచ్చింది. ముసలమ్మతో సహా ఐదుగురు. అందరూ చెప్పులు మెట్ల దగ్గరే విడిచి, "ముట్టుకోవచ్చా అండీ" అని ప్రతి వస్తువు దగ్గరా అడుగుతున్నారు. ద్వారకా తిరుమల కొండ కింద బొమ్మల కొట్టు పెట్టుకున్నాయన, ఆదివారం బేరం వదులుకుని మరీ కూతుళ్ళని తీసుకొచ్చాడు. ఏలూరులోనే టీచరుగా పనిచేసే మెర్సీ, ఉదయం ఆరాధన కాగానే కూతురు మానసతో సహా చర్చి నుంచి నేరుగా వచ్చేసింది.

చాపల మీద తాటాకులు పంచారు. ఆకు ఎటు మడవాలో పిల్లలకి తెలియడం లేదు. వాళ్ళ నాన్నలకీ తెలియడం లేదు. కామవరపుకోట ముసలమ్మ ఒక ఆకు తీసుకుని రెండు మడతల్లో చిలక చేసి ఊరుకుంది. ఇక పిల్లలంతా ఆవిడ చుట్టూ మూగారు. ఆవిడ కొడుకు పక్కన నిలబడి, "మా అమ్మకి ఇది వచ్చని నాకే తెలీదండీ," అని ఇందుజతో అన్నాడు. అందులో కొంచెం సిగ్గూ, కొంచెం గర్వమూ ఉన్నాయి.

మామూలు రోజైతే ఇందుజకి ఆ ఒక్క మాట వారానికి సరిపోయేది. ఇవాళ చెవులు గేటు దగ్గరే ఉన్నాయి.

మానసకి పదేళ్ళుంటాయి. తాటాకు కొంగ ఒకటి చేతిలో పట్టుకుని గదులన్నీ తిరిగి, మూడో గదిలో వల దగ్గర ఆగింది. అట్ట చదివింది. కింద కూర్చున్న ముసలాయన్ని చూసింది.

"తాతగారూ, ఏడుకొండలంటే మీరేనా అండీ?"

"నేనేనమ్మా."

"పిట్టల్ని ఎందుకు చంపారండీ?"

గదిలో నలుగురు పెద్దవాళ్ళు తలలు తిప్పారు. మెర్సీ గబగబా వచ్చి, "తప్పు మానసా, పెద్దవాళ్ళతో అలా మాట్లాడొచ్చా," అంది. ఇందుజ కూడా అటు అడుగేసింది.

"అడగనివ్వండమ్మా," అన్నారు ఏడుకొండలు. "ఇలా కూర్చో పాపా."

మానస కూర్చుంది. సాయిదుర్గ తాత పక్కకి చేరింది. ఒకళ్ళని చూసి ఒకళ్ళు పిల్లలంతా వచ్చి కూర్చున్నారు. పెద్దవాళ్ళు గోడ వార నిలబడ్డారు.

"ఒక ఏడు పెద్ద వరదొచ్చింది. కొల్లేరు పొంగి మా లంక మునిగింది. మూడు నెలలు నీళ్ళు తియ్యలేదు. చేపల వలలు కొట్టుకుపోయాయి. గాదెలో ధాన్యం మొలకలొచ్చేసింది. మా ఇంట్లో మిగిలింది ఒక దోనె, రెండు గడలు, నలుగురు మనుషులు. పిట్టలు మాత్రం ఏటా వచ్చినట్టే వచ్చాయి. వాటికి నీళ్ళెక్కువైతే ఇంకా ఆనందం కదా."

"అప్పుడు?"

"అప్పుడు ఈ వల పుట్టింది. నీళ్ళలో రెండు గడలు పాతి మధ్యన కట్టేవాణ్ణి. తెల్లారేసరికి వెళితే నీటికోళ్ళు పడుండేవి, పరజలు పడుండేవి. అవే మా కూరా అన్నమూను."

"మీకు ఏడుపు రాలేదా అండీ?"

ఏడుకొండలు కాసేపు ఆలోచించారు. పిల్లకి నచ్చే జవాబు వెతుకుతున్నట్టు లేరు. నిజం ఏమిటో వెతుకుతున్నట్టున్నారు. "ఆకలేసేది," అన్నారు. "కడుపు నిండాక ఒక్కోసారి వచ్చేది."

కామవరపుకోట ముసలమ్మ తల ఊపింది.

"మరి ఎందుకు మానేశారండీ?"

"నేను మానలేదమ్మా. కావాలంటే మానేశాననే చెప్పొచ్చు, నువ్వు నమ్ముతావు. కానీ నేను మానలేదు. వల చిరిగిపోయింది. మళ్ళీ అల్లమంటే అల్లనంది."

"ఎవరండీ?"

ఆయన జవాబు చెప్పకుండా గుమ్మం వంక చూశారు. అందరూ అటు తిరిగారు.

ఫణికిరణ్, వెనకాల వెంకటనరసమ్మ. ఎప్పుడొచ్చారో ఇందుజ గమనించనే లేదు. ఫణి చెమటతో తడిసి ఉన్నాడు. ఎవరి వంకా చూడకుండా నేరుగా గోడ దగ్గరికి నడిచి, కింద అంటించిన అట్టని ఒక్క లాగు లాగి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత స్టూలెక్కి, వల కట్టిన మేకు మీద చెయ్యి వేశాడు.

"ఆగరా ఫణీ," అంది వెంకటనరసమ్మ.

గట్టిగా అనలేదు. అయినా అతని చెయ్యి ఆగింది.

ఆవిడ పిల్లల మధ్యలోంచి దారి చేసుకుని వచ్చింది. గోడకి ఎక్కాక ఆ వలని చూడడం ఆవిడకి ఇదే మొదలు. దగ్గరికెళ్ళి ఒక కన్నంలో వేలు పెట్టి, ముడిని గోటితో నొక్కి చూసింది.

"ఇంకా గట్టిగానే ఉంది," అంది. "తుమ్మచెక్క కషాయంలో మూడుసార్లు ఉడకేశాను నూలు."

"నువ్వా అమ్మా?"

"మరి ఎవరనుకున్నావు? మీ నాన్నకి పంచె మడత పెట్టడం రాదు, వల అల్లడం వస్తుందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మానస మాత్రం నవ్వలేదు. "మీరెందుకు మానేశారండీ?" అని అడిగింది, ఈసారి మామ్మని.

వెంకటనరసమ్మ ఆ పిల్లని చూసింది. స్టూలు మీద నిలబడ్డ కొడుకుని చూసింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు కొంగుతో మొహం తుడుచుకుంది.

"వీడు నా కడుపులో ఉన్నాడు. ఆరో నెల. ఒకరోజు పొద్దున్న నీటికోడిని కోస్తున్నాను. లోపల గుడ్లున్నాయి. ఒకటి పెంకు కట్టింది. మిగతావి చిన్నచిన్నవి, వరసగా ఉన్నాయి. అప్పుడే వీడు లోపల కదిలాడు." ఆవిడ అక్కడ ఆగింది. "ఆ రోజు కూర వండాను. అందరికీ పెట్టాను. నేను తినలేదు. మర్నాటి నుంచి ఆ వల ముట్టుకోలేదు. వాళ్ళ మీద కోపమూ లేదు, పిట్టల మీద జాలి అని కూడా చెప్పలేను. చెయ్యి వెళ్ళలేదు. అంతే."

"నాన్న అడగలేదా?" అన్నాడు ఫణి.

"అడిగారు. పనుందన్నాను."

"నలభై ఏళ్ళ నుంచీ పనుందనే అనుకుంటున్నాను," అన్నారు ఏడుకొండలు.

ఆయన నవ్వించడానికి అనలేదు. అందుకే ఎవరూ నవ్వలేదు. మెర్సీ కూతురి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

ఫణి స్టూలు దిగాడు. చేతిలో అట్ట ఉంది. దాన్ని చింపుతాడనుకుంది ఇందుజ. అతను చింపలేదు. పిల్లల మధ్యన చాప మీద చతికిలబడి, దాన్ని మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో మాటా చదివాడు.

"సాయీ, పెన్సిలివ్వు."

వేటగాడు అన్నచోట అడ్డంగా ఒక గీత గీశాడు. స్వయంగా అల్లి అన్నచోట ఇంకో గీత. ఆ తర్వాత ఏం రాయాలో తెలియలేదు. తల ఎత్తి భార్య వంక చూశాడు. పొద్దుటి నుంచి ఆ చూపు కోసమే ఆమె ఎదురుచూస్తోంది. అందులో కోపం పూర్తిగా పోలేదు. కానీ తలుపు తీసి ఉంది.

"రేపు నీ ఆఫీసులో మళ్ళీ నవ్వుతారేమోరా," అన్నారు ఏడుకొండలు. "నా పేరు తీసెయ్యి. నాకేం బాధ లేదు."

"నవ్వనీ నాన్నా. ఈసారి నేనే ఫొటో పెడతాను." ఆ మాట అన్నాక తనే కాస్త ఆశ్చర్యపోయినట్టు ఆగి, "ముందు సరిగ్గా రాయనీ," అన్నాడు.

ఇందుజ అత్తగారి ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. ఇంతమందిలో అడగాలంటే బెరుకుగానే ఉంది. అయినా ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేననిపించింది.

"అత్తయ్యగారూ, మీ పేరు రాయమంటారా?"

వెంకటనరసమ్మ తొందరపడలేదు. ఇన్నేళ్ళ కాపురంలో అలాంటి ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. ఎలా జవాబు చెప్పాలో వెతుక్కుంటోంది.

"నా ఒక్కదాని పేరు రాస్తే అదీ అబద్ధమే అవుతుంది," అంది చివరికి. "పైన సగం నేను అల్లాను. ఈ కింద సగం నాది కాదు. ముడి చూడు, ఎడంచేతి వాటం. సీతారత్నం అల్లింది."

ఏడుకొండలు తల వంచుకున్నారు.

సీతారత్నం ఆయన చెల్లెలు. ఇందుజ ఆ ఇంటికి కోడలై పదకొండేళ్ళు. ఒక చెల్లెలుందని, తాడేపల్లిగూడెంలో ఉంటుందని, రాకపోకలు లేవని పెళ్ళైన కొత్తల్లో ఫణి ఒక్కసారి చెప్పాడు. ఎందుకు లేవో అతనికీ తెలియదు. చివరిసారి మేనత్తని చూసినప్పుడు అతను ఏడో తరగతి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా రాలేదు. ఇవాళ అంతమంది ముందు, మామూలు మాటలా వచ్చేసింది.

"వరదప్పుడు ఇంట్లో నలుగురం అన్నారు కదా మీ మావయ్య," అంది వెంకటనరసమ్మ. "నేను, ఆయన, మా అత్తగారు, ఆ పిల్ల. పగలంతా ఇద్దరం దోనెలో కూర్చుని అల్లేవాళ్ళం. పెళ్ళి కాని పిల్ల. పాటలు పాడుతూ అల్లేది." ఆవిడ కింది ముడి మీద చెయ్యి వేసింది. "నన్నడిగావు. సంతోషం. రాయాలంటే దాన్నీ అడగాలి."

పాండురంగారావుగారు గుమ్మంలో నిలబడి అంతా వింటున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పక్క గదిలో ఎవరి పిల్లో తాటాకు బూర ఊదుతోంది.

"గూడెం ఎంతసేపమ్మా," అన్నాడు ఫణి. "ఇందూ, మూడింటికి ఇక్కడ అయిపోతుంది కదా. ఇద్దరం వెళ్ళి అడిగొద్దాం. రమ్మంటే రమ్మననీ, పొమ్మంటే పొమ్మననీ." తండ్రి వైపు తిరిగాడు. "నాన్నా, నువ్వూ వస్తావా?"

"నేను రాను."

మాట కటువుగానే వచ్చింది. ఫణి మళ్ళీ అడగలేదు. ఇందుజ లేచి, చెదిరిన తాటాకులు ఏరసాగింది. పిల్లలు ఒక్కొక్కరే పక్క గదిలోకి జారుకున్నారు. ఇక అయిపోయిందనుకుంది ఆమె.

"స్టేషను దగ్గర దిగి అడిగితే లాభం లేదు," అన్నారు ఏడుకొండలు, నేల చూపులు చూస్తూ. "రైసుమిల్లు వెనకాల రెండో సందు. నీలం తలుపు. ఇల్లు మారిపోయిందేమో మరి. పోయిన దసరాకి నేను వెళ్ళినప్పుడు తాళం వేసుంది."

వెంకటనరసమ్మ చేతిలోని ముడి వదిలేసి, మెల్లగా ఆయన వైపు తిరిగింది.